గురక మధ్యలో ఆగే ఊపిరి: స్లీప్ ఆప్నియాను గుర్తించడం, పరీక్ష చేయించుకోవడం, చికిత్సను నిలుపుకోవడం ఎలా

మన ఇళ్లలో ఎవరైనా పక్క మీద వాలగానే గుర్రుపెట్టడం మొదలుపెడితే "పాపం, అలసిపోయాడు, ఆదమరిచి నిద్రపోతున్నాడు, లేపకండి" అంటారు. గురకను సుఖనిద్రకు గుర్తుగా తీసుకోవడం మనకు తరతరాల అలవాటు. మా నాన్నగారి విషయంలో మేమందరమూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాం. ఒక వేసవి రాత్రి కరెంటు పోయి డాబా మీద పక్కలు వేసుకున్నప్పుడు నాకు నిద్ర పట్టక ఆయన పక్కనే మెలకువగా ఉన్నాను. ఫ్యాను చప్పుడు లేని ఆ నిశ్శబ్దంలో ఆయన గురక పెరుగుతూ పెరుగుతూ వెళ్లి ఒక్కసారిగా ఆగిపోయింది. హమ్మయ్య, నిద్ర కుదుటపడిందనుకున్నాను. కానీ ఆయన పొట్ట మాత్రం ఎగసిపడుతూనే ఉంది. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలలేదు. మనసులో అంకెలు లెక్కపెడుతూ 28 దాకా వచ్చేసరికి ఆయన ఒళ్లంతా ఒక్క కుదుపు కుదిపి, నీళ్లలో మునిగి పైకి తేలిన మనిషిలా గట్టిగా గాలి పీల్చి, పక్కకు ఒత్తిగిలి, మళ్లీ గురక అందుకున్నారు. తెల్లవారి అడిగితే "రాత్రి బాగానే నిద్రపట్టింది" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు నిజంగానే ఏమీ తెలియదు.

స్లీప్ ఆప్నియాలోని చిక్కంతా ఇక్కడే ఉంది. జబ్బు ఉన్న మనిషి దానిని తాను చూడలేడు. రాత్రికి వందసార్లు ఊపిరి ఆగినా పొద్దున్నకు ఒక్కటీ గుర్తుండదు. కనుక గురకపెట్టేవారి కోసం ఎంత రాస్తున్నానో, వారి పక్కన పడుకునేవారి కోసమూ అంతే రాస్తున్నాను. ఈ జబ్బులో మొదటి పరీక్ష చేసేది ఆ పక్కనున్న మనిషే.

ముందుగా గొంతులో ఏం జరుగుతుందో అర్థం చేసుకోండి

నాలుక వెనుక నుంచి స్వరపేటిక దాకా ఉండే గాలి దారికి చుట్టూ గట్టి ఎముకల కట్టడమేమీ లేదు. కండరాల బిగువు మీద నిలబడిన మెత్తని గొట్టం అది. మేలుకుని ఉన్నంతసేపూ ఆ కండరాలు గొట్టాన్ని తెరిచి పట్టుకుంటాయి, నిద్ర పట్టగానే వదులవుతాయి. కొబ్బరిబోండంలో వేసిన పల్చటి స్ట్రాను గట్టిగా పీల్చితే దాని గోడలు లోపలికి కుంగి ఒకదానికొకటి అతుక్కుపోవడం మీరు చూసే ఉంటారు. మెడ చుట్టూ కొవ్వు పేరుకున్నవారిలో, కింది దవడ చిన్నదై వెనక్కి ఉన్నవారిలో, టాన్సిల్స్ ఉబ్బినవారిలో, నాలుక లావుగా ఉన్నవారిలో నిద్రలో గాలి పీల్చినప్పుడు సరిగ్గా అదే జరుగుతుంది. దారి ఇరుకైతే గోడలు అదిరి గురక వస్తుంది, పూర్తిగా మూసుకుపోతే గురక ఆగుతుంది. ఇంట్లోవారు హాయిగా నిట్టూర్చే ఆ నిశ్శబ్దమే అసలు భయపడవలసిన సమయం.

ఊపిరి 10 సెకన్లు లేదా అంతకు మించి ఆగితే వైద్యులు దానిని ఆప్నియా అంటారు. పూర్తిగా ఆగకపోయినా గాలి బాగా తగ్గి, దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా, మెదడు ఉలిక్కిపడినా దానిని హైపాప్నియా అంటారు. ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ మెదడు ప్రమాదాన్ని పసిగట్టి, అడ్రినలిన్ వంటి హార్మోన్లను రక్తంలోకి వదిలి, రెండు మూడు సెకన్ల పాటు మనిషిని నిద్ర పైపొరలోకి లాగుతుంది. గొంతు కండరాలు బిగుస్తాయి, దారి తెరుచుకుంటుంది, గాలి ఒక్క ఉదుటున లోపలికి వెళ్తుంది, మళ్లీ నిద్ర ముంచుకొస్తుంది. గాఢనిద్రలోకి దిగబోయిన ప్రతిసారీ ఎవరో మెట్ల దగ్గరే రెక్క పట్టుకుని వెనక్కి లాగినట్టు ఉంటుంది ఆ రాత్రి. ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరకపోవడానికి కారణం ఇదే.

దీనికి భిన్నమైన రకం మరొకటి ఉంది. అందులో గొంతు తెరిచే ఉంటుంది, కానీ ఊపిరి తియ్యమనే ఆజ్ఞ మెదడు నుంచి రాదు. దీనిని సెంట్రల్ స్లీప్ ఆప్నియా అంటారు. గుండె బలహీనపడినవారిలో, మార్ఫిన్ జాతి నొప్పి మందులు వాడేవారిలో ఇది ఎక్కువ. దీని చికిత్స వేరు కాబట్టి పరీక్ష లేకుండా మందుల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో పరికరం కొని తగిలించుకోకూడదు.

మొదటి మెట్టు: రెండు మూడు రాత్రులు గమనించండి

ఈ పని పక్కన పడుకునేవారిది. కలలు వచ్చే నిద్ర దశలో ఒంటి కండరాలు దాదాపు అన్నీ బాగా వదులుగా ఉంటాయి, ఆ దశ రాత్రి రెండో సగంలో ఎక్కువగా వస్తుంది. అందువల్ల పడుకున్న అరగంటకే చూసి "ఏమీ లేదులే" అనుకోకుండా తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య ఒకసారి లేచి, ఆ మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు పది నిమిషాల పాటు చూడండి. గురక ఆగిన వెంటనే అంకెలు లెక్కపెట్టండి. ఆ సమయంలో ఛాతీ, పొట్ట కదులుతున్నాయో లేదో గమనించండి. పొట్ట ఎగసిపడుతూ గాలి మాత్రం ఆడకపోతే గొంతులో దారి మూసుకుపోయిందని అర్థం. ఊపిరి మళ్లీ అందుకునేటప్పుడు వచ్చే గుటుక్కుమనే శబ్దం, ఉక్కిరిబిక్కిరి, కాళ్లూ చేతులూ విదిలించడం, ఒంటి నిండా చెమట, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి.

ఫోనులో ఐదు నిమిషాల వీడియో తీయగలిగితే అంతకన్నా మంచిది మరొకటి లేదు. వైద్యుడి ముందు కూర్చుని మాటల్లో చెప్పే పది విషయాలకన్నా ఆ ఐదు నిమిషాలు ఎక్కువ చెబుతాయి. అంతేకాదు, "నేను గురకే పెట్టను" అని వాదించే పెద్దవారికి తమ ఊపిరి ఆగడం తమ కళ్లతో చూసుకునే అవకాశం అదొక్కటే. మా నాన్నగారు ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నది ఆ వీడియో చూశాకే. హాస్టల్లోనో అద్దె గదిలోనో ఒంటరిగా ఉండేవారు ఫోనును తలగడ పక్కన పెట్టి రాత్రంతా శబ్దం రికార్డు చేసుకోవచ్చు. గురక, నిశ్శబ్దం, ఉక్కిరిబిక్కిరి అనే వరుస పదేపదే వినిపిస్తే అనుమానించడానికి అది చాలు. అయితే ఫోన్ యాప్‌లు, చేతి గడియారాలు చూపే అంకెలను జబ్బు నిర్ధారణగా తీసుకోవద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. చాలా ఇళ్లలో భర్త గురక భరించలేక భార్య పక్క గదిలోకి మారిపోతుంది. ఆమె నిద్ర ఆమెకు అవసరం, అందులో తప్పేమీ లేదు. కానీ అలా మారిన రోజు నుంచి ఆయన ఊపిరి ఆగడాన్ని చూసే మనిషి ఉండరు. గది మారేముందే ఆ రెండు రాత్రుల గమనింపు పూర్తి చేయండి.

రెండో మెట్టు: పగలు ఎలా గడుస్తోందో లెక్కవేసుకోండి

ఈసారి పని మీదే. ఎప్‌వర్త్ స్కేలు అనే ఎనిమిది ప్రశ్నల కొలమానం 1991లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో తయారై ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలోనో సినిమా హాల్లోనో కదలకుండా కూర్చున్నప్పుడు, గంటసేపు ఆగకుండా సాగే కారు ప్రయాణంలో, మధ్యాహ్నం వీలు దొరికి నడుము వాల్చినప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, భోజనం తర్వాత ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కొద్ది నిమిషాలు ఆగినప్పుడు మీకు కునుకు పట్టే అవకాశం ఎంత అన్నది ఆ ప్రశ్నల సారం. ఒక్కోదానికి అసలు పట్టదు అయితే 0, తప్పకుండా పడుతుంది అయితే 3 చొప్పున వేసుకుని కూడితే మొత్తం 24లో 10 దాటిన వారికి పగటి నిద్రమత్తు ఉన్నట్టే. మన ఎండలో, పప్పన్నం తిన్నాక కునుకు రావడం అందరికీ మామూలే కాబట్టి దాన్నొక్కదాన్ని పట్టుకుని బెంగపడకండి. ఎవరో మాట్లాడుతుండగానే కళ్లు మూతలు పడుతున్నా, సిగ్నల్ దగ్గర కునికిపాట్లు వస్తున్నా మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

రెండో కొలమానం స్టాప్‌బ్యాంగ్. తలుపు వేసినా పక్క గదికి వినిపించేంత గురక, పగటి అలసట, ఊపిరి ఆగడాన్ని ఎవరైనా చూడడం, రక్తపోటు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, పురుషుడై ఉండడం అనే ఎనిమిదింటిలో ఒక్కోదానికి ఒక్క మార్కు. 3 వస్తే అనుమానించాలి, 5 లేదా అంతకు మించి వస్తే జబ్బు ఉండే అవకాశం బాగా ఎక్కువ. దర్జీ టేపుతో మెడను గొంతుముడి కిందుగా కొలుచుకోండి. కాలరు సుమారు 16 అంగుళాల చొక్కా తొడిగేవారు ఆ గీత దగ్గరే ఉన్నారు. ఇది కెనడాలో తయారైన కొలమానమని మాత్రం గుర్తుంచుకోండి. మనవారిలో బరువు అంతగా లేకపోయినా పొట్ట, మెడ దగ్గర కొవ్వు చేరడం, దవడ చిన్నగా ఉండడం మామూలు కాబట్టి బీఎంఐ 26, 27 ఉన్నవారిలోనూ తీవ్రమైన ఆప్నియా కనిపిస్తుంది. సన్నగా ఉన్నాను కదా అని కొట్టిపారేయకండి.

వీటితో పాటు పొద్దున లేవగానే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, మతిమరుపు, చిరాకు, దాంపత్యంలో ఆసక్తి తగ్గడం కూడా ఈ జబ్బు గుర్తులే. రాత్రి మూత్రానికి లేవడాన్ని చాలామంది షుగరు మీదికో ప్రొస్టేటు మీదికో నెట్టేస్తారు. మూసుకున్న గొంతుకు ఎదురుగా ఊపిరి లాగినప్పుడు ఛాతీలో ఏర్పడే ఒత్తిడికి గుండె పై గదులు సాగి, నీటిని బయటకు పంపమనే హార్మోనును విడుదల చేస్తాయి. మూత్రాశయంలో ఏ లోపమూ లేకుండానే లేవాల్సి వచ్చేది అందుకే.

స్త్రీలలో ఈ చిత్రం వేరుగా ఉంటుంది. గట్టి గురక లేకుండా నిద్ర పట్టకపోవడం, తెలియని నీరసం, దిగులుతో కనిపించి, చివరకు రక్తహీనతకో ఆందోళనకో మందులు వాడుతూ ఏళ్లు గడిపేస్తారు. ముట్లు ఆగిన తర్వాత స్త్రీలకు ఈ జబ్బు ముప్పు గణనీయంగా పెరుగుతుంది. పిల్లల్లోనైతే నోటితో గాలి పీల్చడం, పక్క తడపడం, చదువులో వెనకబడడం, పగలు మత్తుకు బదులు నిలకడలేని అల్లరి కనిపిస్తాయి. టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ పెరగడం వారిలో ముఖ్య కారణం కాబట్టి రోజూ గురకపెట్టే పిల్లవాడిని ముక్కు, చెవి, గొంతు వైద్యుడికి తప్పకుండా చూపించండి.

మూడో మెట్టు: పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలుసుకోండి

ఆరోగ్యవంతుల్లో రాత్రి నిద్రలో రక్తపోటు పగటికన్నా 10 నుంచి 20 శాతం తగ్గుతుంది; గుండెకూ రక్తనాళాలకూ దొరికే విశ్రాంతి అదే. ఆప్నియా ఉన్నవారికి ఆ విశ్రాంతి దక్కదు. ఊపిరి ఆగి మళ్లీ అందుకున్న ప్రతిసారీ రక్తపోటు ఎగబాకుతుంది, కొన్నేళ్లకు పగలు కూడా అక్కడే నిలిచిపోతుంది. మూడు రకాల బీపీ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నా అదుపులోకి రానివారు మందు మార్చమని అడిగే ముందు నిద్ర పరీక్ష గురించి అడగాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే మొండి రక్తపోటు వెనుక తరచుగా దాగి ఉండే కారణాల్లో ఇదొకటి.

గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పక్షవాతం, గుండె వైఫల్యం, ఇన్సులిన్ పనిచేయకపోవడం వల్ల అదుపు తప్పే షుగరు, ఇవన్నీ ఆప్నియాతో ముడిపడి ఉన్నాయి. గుండె లయను సరిచేసే చికిత్స తీసుకున్నవారిలో కూడా ఆప్నియాను వదిలేస్తే లయ మళ్లీ తప్పే అవకాశం ఎక్కువ. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, గతంలో నిద్ర పరీక్ష చేయించుకుని తర్వాత హఠాత్తుగా గుండె ఆగి మరణించిన 112 మంది వివరాలు చూశారు. ఆప్నియా లేనివారిలో 21 శాతం మరణాలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు గంటల మధ్య సంభవిస్తే, ఆప్నియా ఉన్నవారిలో 46 శాతం ఆ వేళలోనే సంభవించాయి. "నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు, సునాయాస మరణం" అని మనం చెప్పుకునే కొన్ని మరణాల గురించి అది చదివాక నాకు మరోలా అనిపించింది. తెలుగు సినిమాలకూ సంగీతం అందించిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూసినప్పుడు ఆసుపత్రి వైద్యులు చెప్పిన కారణాల్లో ఆబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా, అంటే గొంతు మూసుకుపోయే రకం, ఒకటి.

రోడ్డు ప్రమాదం మరో పెద్ద ముప్పు. రాత్రంతా లారీ, ట్రావెల్స్ బస్సు, క్యాబ్ నడిపేవారి విషయంలో ఇది ఒక్కరి ప్రాణంతో పోయేది కాదు. మీకు పగటి నిద్రమత్తు ఉంటే చికిత్స మొదలై ఆ మత్తు తగ్గేదాకా దూరప్రయాణాలకు స్టీరింగ్ పట్టుకోకండి. బ్రిటన్‌లో ఉండే తెలుగువారు ఆప్నియాతో పాటు అతి నిద్రమత్తు ఉంటే ఆ సంగతి లైసెన్సు ఇచ్చే సంస్థకు తెలపడం అక్కడి నియమం.

ఇక మత్తుమందు. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా, అది చిన్నదైనా సరే, మత్తు ఇచ్చే వైద్యుడికి మీ గురక గురించి ముందే చెప్పండి. మత్తు, నొప్పి మందులు గొంతు కండరాలను మరింత వదులు చేస్తాయి కాబట్టి ఆపరేషన్ తర్వాతి రాత్రి మీకు అదనపు కాపలా కావాలి.

నాలుగో మెట్టు: సరైన పరీక్ష చేయించుకోండి

ఊపిరితిత్తుల వైద్యుడి దగ్గరకు గానీ, నిద్ర సమస్యలు చూసే ఈఎన్‌టీ లేదా నరాల వైద్యుడి దగ్గరకు గానీ వెళ్లండి. మీ వీడియో, రాసుకున్న కాగితం, వాడే మందుల చీటీ, పక్కన పడుకునే మనిషి, ఈ నాలుగూ వెంట ఉండాలి. థైరాయిడ్ లోపం కూడా ఆప్నియాకు దోహదం చేస్తుంది కనుక ఆ రక్తపరీక్ష గురించి అడగండి.

పరీక్ష రెండు విధాలు. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి చేసే పాలీసోమ్నోగ్రఫీలో తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు, ఛాతీకి తీగలు అంటించి, ఛాతీకీ పొట్టకూ పట్టీలు కట్టి, ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. ఇన్ని తీగలతో నిద్రెలా పడుతుందని అందరూ భయపడతారు గానీ చాలామందికి పరీక్షకు సరిపడేంత నిద్ర పట్టనే పడుతుంది. ఆ రోజు తలకు నూనె రాసుకోకండి, మధ్యాహ్నం పడుకోకండి, సాయంత్రం కాఫీ, టీలు మానేయండి. రోజూ వేసుకునే మందులు మాత్రం వైద్యుడు చెబితే తప్ప ఆపకండి. రెండోది ఇంట్లోనే తగిలించుకునే చిన్న పరికరం. గురక, పగటి మత్తు స్పష్టంగా ఉండి గుండె, ఊపిరితిత్తుల జబ్బులేవీ లేనివారికి ఇది సరిపోతుంది, ఖర్చూ తక్కువ. అయితే అది మెదడు తరంగాలను కొలవదు కాబట్టి ఉన్న జబ్బును తక్కువ చేసి చూపవచ్చు. లక్షణాలు బలంగా ఉండి ఇంటి పరీక్షలో ఏమీ లేదని వస్తే ఆసుపత్రి పరీక్ష అడగడం మీ హక్కు.

రిపోర్టు చేతికి వచ్చాక రెండు అంకెలు వెతకండి. మొదటిది ఏహెచ్‌ఐ, అంటే గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క. పెద్దవారిలో 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం. పిల్లల్లో 1 దాటినా పట్టించుకుంటారు. ఏడు గంటల నిద్రలో 210 సార్లు అయితే ఏహెచ్‌ఐ 30, అంటే రెండు నిమిషాలకు ఒకసారి. రెండోది ఆక్సిజన్ ఎంత కిందికి పడింది, 90 శాతం కన్నా తక్కువలో మొత్తం ఎన్ని నిమిషాలు గడిచింది అన్నది. ఏహెచ్‌ఐ ఒకేలా ఉన్న ఇద్దరిలో ఆక్సిజన్ 88 దగ్గర ఆగినవారికీ 70కి జారినవారికీ ముప్పు ఒకటి కాదు. వెల్లకిలా పడుకున్నప్పుడు, పక్కకు తిరిగినప్పుడు విడివిడిగా ఇచ్చిన లెక్కలు కూడా చూడండి, అవి చికిత్సలో పనికొస్తాయి.

ఐదో మెట్టు: సీప్యాప్‌తో మొదటి నెల గట్టెక్కండి

మధ్యస్థ, తీవ్ర స్థాయి ఆప్నియాకు ప్రధాన చికిత్స సీప్యాప్. 1981లో సిడ్నీ వైద్యుడు కాలిన్ సల్లివన్ ప్రపంచానికి అందించిన ఈ పద్ధతిలో చిన్న యంత్రం గది గాలినే కొంత ఒత్తిడితో మాస్కు ద్వారా పంపుతుంది. ఆ ఒత్తిడి గొంతు గోడలు కుంగిపోకుండా లోపలి నుంచి ఆసరాగా నిలబడుతుంది. అది ఆక్సిజన్ యంత్రం కాదు, దానికి అలవాటు పడితే ఊపిరితిత్తులు బలహీనపడతాయన్న మాటా నిజం కాదు.

యంత్రం కొనడం తేలిక, తగిలించుకోవడమే కష్టం. భారత్‌తో సహా ఏడు దేశాల్లో 2,717 మంది గుండె, మెదడు జబ్బుల రోగుల మీద జరిగి 2016లో వెలువడిన పెద్ద అధ్యయనంలో సీప్యాప్ వల్ల గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గినట్టు తేలలేదు. గురక, పగటి మత్తు, జీవన నాణ్యత మాత్రం మెరుగుపడ్డాయి. ఆ రోగులు రాత్రికి సగటున 3.3 గంటలే మాస్కు పెట్టుకున్నారని కూడా అదే అధ్యయనం చెప్పింది. సీప్యాప్ గుండెకు కవచమని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి, కానీ సగం రాత్రి మాస్కు తీసి పక్కన పెట్టి ఫలితం లేదనడమూ న్యాయం కాదు. అమెరికాలో మెడికేర్ బీమా మొదటి మూడు నెలల్లో వరుసగా 30 రోజుల కాలంలో, 70 శాతం రాత్రులు కనీసం 4 గంటల వాడకం చూపమంటుంది. అమ్మానాన్నలను అక్కడికి తీసుకువెళ్లిన పిల్లలు తమ బీమా నియమం ఏమిటో ముందే కనుక్కోవాలి. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు సీజీహెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ముందస్తు అనుమతితో యంత్రం ఖర్చు తిరిగి పొందే వీలుంది. మిగతావారు కొనేముందు ఒక నెల అద్దెకు తీసుకుని చూడండి. సెకండ్ హ్యాండ్ యంత్రాల జోలికి వెళితే జాగ్రత్త. లోపలి ఫోమ్ పొడిగా రాలుతున్నందువల్ల ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది, అలాంటిది మీ చేతికి రాకూడదు.

మొదటి మూడు రోజులు రాత్రి జోలికే పోకండి. సాయంత్రం టీవీ చూస్తూ పావుగంట, అరగంట మాస్కు పెట్టుకుని ముక్కుతో మామూలుగా ఊపిరి తీయండి. తర్వాత మధ్యాహ్నపు కునుకుకు, ఆ తర్వాత రాత్రికి మారండి. ఒత్తిడి తక్కువతో మొదలై నెమ్మదిగా పెరిగే ఏర్పాటు యంత్రంలోనే ఉంటుంది, దాన్ని ఆన్ చేయించుకోండి. మాస్కు పట్టీలను కూర్చుని కాకుండా పడుకుని, గాలి వస్తుండగా సరిచేయండి, ఎందుకంటే పడుకోగానే ముఖం ఆకారం మారుతుంది. పట్టీ కింద వేళ్లు దూరేంత వదులు ఉండాలి; గాలి కారుతోందని బిగించేకొద్దీ ముక్కు మీద పుండు పడుతుంది తప్ప కారడం ఆగదు. మా నాన్నగారికి గుబురు మీసం. మొదటి మాస్కు అంచు ఆ మీసం మీద ఆనకపోవడంతో గాలి కళ్లలోకి కొట్టి పది రోజులు అవస్థపడ్డారు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకానికి మార్చాక మీసమూ నిలిచింది, నిద్రా కుదిరింది. మాస్కు కుదరకపోతే యంత్రం పడలేదని నిర్ణయానికి రాకండి, మాస్కు మార్చండి.

ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి ఉప్పునీటి స్ప్రేతోనో, వైద్యుడు రాసిన స్ప్రేతోనో చికిత్స చేయాలి. నోరు ఎండిపోతుంటే యంత్రం పంపే గాలికి తేమ కలిపే పెట్టెను (హ్యూమిడిఫయర్) వాడండి, అందులో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. బోరు నీళ్లు పోస్తే వారానికే అడుగున తెల్లటి పొర కడుతుంది. యంత్రాన్ని మంచం కన్నా కింది ఎత్తులో పెట్టండి, లేకపోతే ఏసీ గదిలో గొట్టంలో చేరిన నీటి చుక్కలు ముఖం మీదికి వస్తాయి. ముఖానికి క్రీము, తలకు నూనె రాసుకుని మాస్కు పెట్టుకుంటే సిలికాన్ జారిపోయి త్వరగా పాడవుతుంది. ప్రతి ఉదయం మాస్కు అంచును తేలికపాటి సబ్బు నీటితో కడిగి నీడన ఆరబెట్టండి, దుమ్ము ఎక్కువగా ఉండే ఊళ్లలో ఫిల్టరును వారం వారం చూసుకోండి.

ఆరో మెట్టు: మిగతా మార్గాలను వాటి స్థానంలో వాడండి

బరువు తగ్గడం అన్నిటిలో విలువైనది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగిన దీర్ఘకాల పరిశీలనలో బరువు 10 శాతం తగ్గినవారిలో ఏహెచ్‌ఐ సుమారు 26 శాతం తగ్గింది, 10 శాతం పెరిగినవారిలో సుమారు 32 శాతం పెరిగింది. 80 కిలోల మనిషికి 8 కిలోలు అన్నమాట. కానీ బరువు తగ్గాక చూద్దామని సీప్యాప్‌ను వాయిదా వేయకండి, రెండూ కలిసి నడవాలి. టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను స్థూలకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవారికి వాడేందుకు 2024 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ అనుమతించింది. మన దేశంలో ఆ మందు 2025 మార్చి నుంచి షుగరుకు, బరువు తగ్గడానికి దొరుకుతోంది. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

పడుకునే ముందు మద్యం మానండి. నిద్ర సరిగా లేదని సొంతంగా అల్ప్రజోలం వంటి మాత్రలు వేసుకోవడం ఈ జబ్బులో చేయగలిగిన అతి చెడ్డ పని, ఎందుకంటే అవి గొంతు కండరాలను వదులు చేసి, మేల్కొలిపే మెదడును జోకొడతాయి. తెలంగాణలో కల్తీ కల్లులో అదే మందు కలుపుతూ పట్టుబడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి కనుక కల్లు తాగే అలవాటున్నవారి ఇంట్లోవారు ఆ రాత్రులు మరింత కనిపెట్టుకుని ఉండాలి.

వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి ఆగేవారు బనియన్ వెనుక భాగంలో జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకుంటే నిద్రలో వెల్లకిలా తిరగలేరు. స్వల్ప, మధ్యస్థ స్థాయిలో దంత వైద్యుడు కొలత తీసి చేసే, కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం పనికొస్తుంది. పెద్ద టాన్సిల్స్, వంకర ముక్కు, దవడ లోపం వంటివి స్పష్టంగా ఉంటే శస్త్రచికిత్స ఆలోచించవచ్చు; పిల్లల్లో టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేస్తే చాలామందికి నయమవుతుంది. గురక తగ్గిస్తామని అమ్మే ముక్కు క్లిప్పులు, గడ్డం పట్టీలు ఆప్నియాకు చికిత్స కావు. అవి శబ్దాన్ని తగ్గించి జబ్బును దాచిపెట్టే ప్రమాదమూ ఉంది.

ఏడో మెట్టు: ఏళ్ల తరబడి నిలుపుకోండి

యంత్రం రోజూ మూడు లెక్కలు చూపుతుంది: వాడిన గంటలు, గాలి కారడం, మిగిలిన ఏహెచ్‌ఐ. ఆ చివరిది 5 లోపు ఉండాలి. వరుసగా వారం పైబడి అంతకు మించి వస్తున్నా, బరువు పెరిగినా, పగటి మత్తు తిరిగొచ్చినా వైద్యుడికి చూపించండి, ఒత్తిడిని మార్చవలసి రావచ్చు. బీపీ, షుగరు మందులు వాడేవారు మొదటి మూడు నెలలు ఆ లెక్కలూ రాసుకోండి. మోతాదు తగ్గించవలసి వస్తే వైద్యుడే తగ్గిస్తారు, మీరు ఆపకండి.

పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణానికి, పండక్కి ఊరికి వెళ్లేటప్పుడు యంత్రాన్ని ఇంట్లో వదిలి వెళ్లడం దగ్గరే చాలామంది చికిత్స తెగిపోతుంది. నాలుగు రోజుల విరామం నాలుగు నెలలవుతుంది. విమానంలో దానిని చేతి సంచితో పాటు వైద్యుడి చీటీ జతచేసి లోపలికే తీసుకెళ్లండి, సామానులో వేయకండి. కరెంటు పోయే ఊరైతే తేమ పెట్టె వేడిని ఆపేస్తే విద్యుత్తు వాడకం బాగా తగ్గుతుంది కాబట్టి మామూలు ఇంటి ఇన్వర్టరు మీదే రాత్రి గడిచిపోతుంది. అది కూడా లేని రాత్రి, తల వైపు రెండు దిండ్లు ఎత్తుగా వేసుకుని, పక్కకు తిరిగి పడుకోండి. పక్కనున్నవారిని ఒకసారి తెల్లవారుజామున లేచి చూడమని చెప్పండి.